కట్టుడు మెడ కూజా

మా మేనత్త పళ్ళు తయారుచేస్తుంది. డాక్టరు కాదు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, పాడైపోయిన పన్ను మీద తొడగడానికి పింగాణీ క్యాపులు చేసే ల్యాబులో టెక్నీషియను. ఆసుపత్రి వీధి చివర మందుల దుకాణం మీద మేడ, అందులో కిటికీని ఆనుకుని ఆమె బల్ల. పింగాణీ పొడిని నీటిబొట్టుతో తడిపి, సన్నటి కుంచెతో పొర మీద పొర పెట్టి, ప్రెషర్ కుక్కరంత కొలిమిలో కాల్చేది. కాలిన పన్నును పక్క పన్నుతో పోల్చి చూసి, పెదవి విరిచి మళ్ళీ మొదలుపెట్టేది.

"మీకందరికీ తెలుపు ఒకటే. నాకు పదహారు," అనేది.

గొప్పకు అన్న మాట కాదది. ల్యాబులో రంగులు పోల్చుకోవడానికి పదహారు నమూనా పళ్ళున్న ఒక పట్టీ ఉంటుంది. పసుపు తిరిగిన తెలుపు, బూడిద తిరిగిన తెలుపు, టీ మరక లాంటి తెలుపు. పట్టీ చూడకుండానే ఏ పన్ను ఎన్నో నంబరో చెప్పగలిగేది. పెళ్ళిచూపుల్లో మావయ్య నవ్వితే, "పై వరసలో ఎడమ వైపుది కట్టుడు పన్ను, ఎవరు చేశారో గానీ రంగు కలపలేదు" అని మా నానమ్మ చెవిలో చెప్పిందట. మావయ్య ఆ మాట విననే విన్నాడు. ఆ పన్ను మార్పించుకుని మరీ పెళ్ళికి వచ్చాడు.

నీలం పింగాణీ పిచ్చి ఆమెకు ఇరవయ్యేడో ఏట పట్టుకుంది. ఫ్యాను రెక్క ఒకటి విరిగితే, బస్సు డిపో వెనకున్న పాత సామాన్ల దుకాణానికి వెళ్ళింది. దుకాణం తాత మేకులు వేసుకున్న గిన్నె కంటబడింది. తెల్లటి గిన్నె, దాని మీద నీలంతో రెండు చేపలు, నాలుగు గడ్డిపోచలు. ఎవరైనా ముందు చేపల్నే చూస్తారు. అత్త తెలుపును చూసింది. తన పదహారింటిలో లేని తెలుపు, చన్నీళ్ళలో ఉంచిన వేలిగోరులా కొద్దిగా నీలి ఛాయ ఉన్న తెలుపు.

"తాతా, ఈ గిన్నె అమ్ముతావా?"

"అమ్మేస్తే ఈ మేకులు నా నెత్తిన పెట్టుకోనా?"

అత్త సంచిలోంచి కొత్త స్టీలు టిఫిను డబ్బా తీసింది. ఆ పొద్దునే మావయ్య కోసం కొన్నది. "ఇందులో పోసుకో. దీనికి మూత కూడా ఉంది."

తాత మూత తెరిచి చూశాడు, మూసి చూశాడు, మేకులన్నీ అందులోకి ఒంపేశాడు. ఎదుటివాళ్ళు మోసపోయారనుకుంటూ ఇద్దరూ సంతోషంగా విడిపోయారు. లిఫ్టు మెకానిక్కు పని చేసే మావయ్య మాత్రం మరునాడు భోజనం బిస్కెట్ల డబ్బాలో పట్టుకెళ్ళాడు.

ఆ రోజుల్లో పాత పింగాణీని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పగలని గాజు పళ్ళేలు, ప్లాస్టిక్కు గిన్నెలు కొత్తగా వచ్చాయి. జనం అమ్మమ్మల నాటి సామానంతా బయట పడేస్తున్నారు. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు, హోటళ్ళు మూసేసేవాళ్ళు తప్పక వెళ్ళే పాత బజారుకు అత్త నెలకొకసారి వెళ్ళేది. పొద్దున ఎండ పడ్డాకే కొనేది, బల్బు వెలుతురులో ఎంత మంచి సరుకున్నా చెయ్యి పెట్టేది కాదు. గోటితో అంచు మీద ఒక దెబ్బ వేసి చెవి దగ్గర పెట్టుకునేది. తర్వాత తిరగేసి, అడుగున పూత లేని గరుకు అంచును బొటనవేలితో చుట్టూ తడిమేది. బేరంలో మాత్రం మొహంలో ఒక్క నరం కదలనిచ్చేది కాదు. మూడు చూసి, నచ్చనిదాన్ని బతిమాలి, నచ్చినదాన్ని "పోనీలే, ఇది కూడా పడెయ్" అన్నట్టు తీసుకునేది. ఏ పుస్తకమూ చదవలేదు. ఏది ఏ కాలానిదో ఆమెకు పేర్లు తెలియవు, తేడాలు మాత్రమే తెలుసు.

వాళ్ళది రెండు గదుల వాటా. గోడలకు పళ్ళేలు, మంచం కింద దుప్పట్లలో చుట్టిన గిన్నెలు. మావయ్య పాత లిఫ్టు తలుపుల రేకులతో, ముందు వైపు చిన్న అంచు వంచి అలమారలు చేసిపెట్టాడు. "భూకంపం వచ్చినా నీ సరుకు కదలదు, మనమే కింద పడతాం," అన్నాడు. అన్నిటికంటే మా అమ్మకు భయం వేసిన సంగతి, అత్త వాటిలోనే భోజనం పెట్టడం. అన్నేళ్ళలో పగిలినవి మూడు. మూడూ అత్త చేతిలోనే.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో గాలి మారింది. చైనాలో కొత్తగా డబ్బు చేసుకున్నవాళ్ళు తమ దేశపు పాత పింగాణీని ఎక్కడెక్కడి నుంచో వెనక్కి కొనుక్కుంటున్నారని పేపర్లలో వచ్చింది. దూరపు నగరాల్లో ఒక్కో జాడీకి పలికిన ధర చదివి జనం నోళ్ళు తెరిచారు. మా పాత బజారులో కూడా ధరలు కొండెక్కి కూర్చున్నాయి. చెప్పుల జత ఖరీదుకు దొరికే పళ్ళెం మోటారు సైకిలు ఖరీదయింది. అత్త ఇంటికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి, గుమ్మంలోంచే గోడలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అమ్మొద్దని అమ్మ, అమ్మేయమని నాన్న, అసలు తలుపుకు గట్టి తాళం వేయమని మావయ్య. అత్త ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. ఒక ఆదివారం అన్నిటినీ నేల మీద పరిచింది. వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, పదకొండింటిని పక్కకు తీసింది.

"ఇవేనా ఖరీదైనవి?" అని అడిగాను.

"ఖరీదైనవే. కానీ నాకు పెద్దగా నచ్చనివి."

ఆ పదకొండింటినీ ఒక వేలం సంస్థకిచ్చి అమ్మించింది. వచ్చిన డబ్బుతో కొత్త కొలిమి కొని, అదే వీధిలో ఇంకో మేడ మీద తన సొంత ల్యాబు పెట్టుకుంది. అక్కడితో ఆపేసింది. "ఇంకా పెరుగుతుందిట కదా" అని ఎవరైనా అంటే, "పెరగనీండి, నా కొలిమి నాకొచ్చింది" అనేది.

ఇది చూసి మా నాన్న కుదురుగా ఉండలేకపోయాడు. నాన్న అత్తకు తమ్ముడు. డ్రైవింగు స్కూలు నడిపేవాడు, రెండు కార్లుండేవి. ఎవరికైనా ఏదైనా నేర్పగలనని, ఏదైనా ఇట్టే నేర్చుకోగలనని గట్టి నమ్మకం. అక్క చూపుడువేలు పట్టుకుని నడిచే వయసు దాటిపోయిందని నిరూపించుకోవాలని ఉండేది కాబోలు. ఎవరికీ చెప్పకుండా రెండో కారు అమ్మేసి, ఎప్పుడూ చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని తిరిగే ఒక బ్రోకరు దగ్గర పెద్ద కూజా కొన్నాడు. నా నడుమెత్తు ఉంది. పొట్ట మీద నీలి కొండలు, పడవలో కూర్చున్న ముసలివాడు. నిజంగా కళ్ళు తిప్పుకోలేం.

అత్తను భోజనానికి పిలిచి, ముందు గది తెర తీసి చూపించాడు. అత్త చుట్టూ తిరిగింది. వంగి అడుగు తడిమింది, తల ఊపింది. నాన్న మొహం వెలిగిపోయింది. తర్వాత మెడలోపల చెయ్యి పెట్టి, ఒక చోట వేళ్ళు ఆపింది.

"తమ్ముడూ, దీని ఒంటికి వయసుంది. మెడకు లేదురా."

"అంటే?"

"పాత కూజాయే. మెడ విరిగితే ఎవరో కొత్త మెడ చేసి అతికించారు. ఇది కట్టుడు మెడ."

"నీకు కుళ్ళక్కా," అన్నాడు నాన్న. అలా అంటాడని మేమెవ్వరం అనుకోలేదు. "నువ్వు అమ్ముకుని ల్యాబు పెట్టుకున్నప్పుడు నేనేమన్నా అన్నానా?"

అత్త భోజనం ముగించి, పళ్ళెం కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

నాన్న పంతానికి పోయి కూజాను అదే వేలం సంస్థకు తీసుకెళ్ళాడు. అక్కడి నిపుణుడు నాలుగు రోజులు పరీక్షించి, బాగుందన్నాడు. వేలం పుస్తకంలో పేజీ నిండా దాని ఫోటో వేశారు. కింద వేసిన అంచనా ధరకు రెండు కాదు, నాలుగు కార్లొస్తాయి. నాన్న ఆ పేజీ మడిచి, పుస్తకం అత్త ల్యాబుకు పంపించాడు.

ఆ సాయంత్రమే అత్త మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు.

"వేలానికి ముందు సరుకు చూసుకోవడానికి అందర్నీ రానిస్తారుగా, ఆ రోజు వెళ్తున్నా. వెళ్ళి మెడ సంగతి చెప్తా."

"నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగరు. నేనే చెప్తా. నీ వెనకాల చేశాననుకోకుండా ముందు నీకే చెబుదామని వచ్చా. నువ్వే వెనక్కి తీసుకుంటే నేను వెళ్ళే పనే లేదు."

"కొనేవాడు కోటీశ్వరుడు. వాడికి పోయేదేముంది? సొంత తమ్ముడి నోట్లో మట్టి కొడతావా?"

"కొనేవాడెవడో నాకు తెలీదురా. ఎవడో చెప్తే నమ్మి కొంటాడు, అంతే. నువ్వు కొన్నట్టే."

నాన్న లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

చూపించే రోజు అత్తతో నేనూ వెళ్ళాను. పొడవాటి హాలు, నల్లగుడ్డ పరిచిన బల్లలు, మెల్లగా మాట్లాడుకునే జనం. ల్యాబు కోటు మీదే వచ్చిన అత్తను నిపుణుడు పైనుంచి కిందకు చూశాడు.

"మేడం, మీరు డీలరా?"

"కాదండీ, పళ్ళు చేస్తాను."

పక్కనున్న ఇద్దరు ముసిముసిగా నవ్వారు. అత్త పట్టించుకోలేదు. "ఆ కిటికీ తెర ఒక్క నిమిషం వేయిస్తారా?" అని అడిగింది.

కోటు జేబులోంచి చిన్న టార్చి తీసింది. అల్ట్రావయొలెట్ టార్చి, ల్యాబులో రోజూ వాడేదే. డాన్సు హాళ్ళలో ఉండే ఊదారంగు దీపాల కింద అసలు పళ్ళు మెరుస్తాయి, సరిగా చేయని కట్టుడు పన్ను నల్లగా కనబడుతుంది. నవ్వితే పన్ను ఊడినట్టుందని కుర్రకారు వచ్చి గొడవ చేస్తారని, అత్త ప్రతి పన్నునూ ఆ వెలుతురులో చూశాకే పంపేది.

టార్చి కూజా పొట్ట మీద పెట్టింది. ముదురు ఊదారంగు, మబ్బు పట్టిన సాయంత్రంలా. వెలుగును మెల్లగా పైకి జరిపింది. భుజం దాటగానే, ఒక గీత గీసినట్టు, మెడంతా విరిగిన పాల రంగులో తెల్లగా మెరిసింది. ఎవరో కూజాకు మఫ్లరు చుట్టినట్టే ఉంది. నవ్వినవాళ్ళు దగ్గరికొచ్చారు.

"దీనికి క్యాపు వేశారండీ," అంది అత్త. "అతుకు కనిపించకుండా పైన పూత పూశారు, మెరిసేది ఆ పూతే. రంగు ఎంత బాగా కలిపాడో చూడండి. నేను చేసినా ఇంతకంటే బాగా రాదు."

నిపుణుడు టార్చి అడిగి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ చూశాడు. లేచేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. కూజా ఇక వేలంలో లేదన్నట్టు, బల్ల మీది నంబరు కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను, తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో అత్త టిక్కెట్టును మడతల మీద మడతలు పెడుతూ కూర్చుంది. "నువ్వు మీ నాన్నతో వెళ్ళాల్సింది," అంది. అయినా మరునాడు పొద్దున తొమ్మిదికల్లా ల్యాబు తెరిచింది, ఆ రోజు పంపాల్సిన ఏడు పళ్ళూ పంపింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు అక్కాతమ్ముళ్ళు ఎదురుపడితే వీధి మారిపోయారు. నేను రెండు ఇళ్ళకూ తిరిగేదాన్ని. అక్కడి మాట ఇక్కడ ఇద్దరూ అడగరు, నేను చెబుతుంటే మాత్రం ఇద్దరూ చెవులు రిక్కించి వినేవాళ్ళు.

ఈలోగా ల్యాబుకు కొత్త రకం పని రావడం మొదలైంది. రెండు వారాలు తిరక్కుండానే నిపుణుడు ఒక అట్టపెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అందులో మూడు పళ్ళేలు. "మేడం, ఒక్కసారి మీ టార్చి..." అన్నాడు. అత్త టార్చి తీయలేదు. ముందు గోటితో కొట్టింది, తిరగేసి తడిమింది, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. రెండు మంచివి, ఒకటి కొత్తది. అప్పటినుంచి ప్రతి వేలానికీ ముందు సరుకంతా ఆమె కళ్ళ కిందినుంచి పోవాల్సిందే. పరీక్షకు రుసుము ఎంతని నిపుణుడు మొహమాటంగా అడిగితే, "ఒక పన్నుకు ఎంతో, ఒక పళ్ళేనికీ అంతే" అంది.

తర్వాత ధరలు పడిపోయాయి. నకిలీ సరుకు ఎక్కువై కొనేవాళ్ళకు భయం పట్టుకుంది. దానికి తోడు ఇళ్ళు చిన్నవైపోయాయి, కొత్త కాపురాలవాళ్ళకు మైక్రోవేవులో పెట్టుకోగలిగే పళ్ళేలు కావాలి. బహు అరుదైన వాటికి మాత్రం ధర నిలిచింది, మామూలు సరుకును పలకరించే దిక్కు లేదు. పాత బజారులో అద్దాల తలుపుల పింగాణీ దుకాణాలు ఒక్కొక్కటే మూసేశారు. తెల్ల తొడుగుల బ్రోకరు ఊరు విడిచి పారిపోయాడు. అతని దగ్గర కొన్న ఇంకో నలుగురు మోసపోయామని పేపరుకెక్కారు. నాన్న ఆ పేపరు చదివి, మడిచి, మళ్ళీ తీసి చదివాడు.

మరుసటి శనివారం డ్రైవింగు స్కూలు కారు అత్త ల్యాబు ముందు ఆగింది. వెనక సీటులో కూజా, సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. నేనూ నాన్నా కలిసి దాన్ని మేడ మీదికి మోశాం. అత్త కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూసింది.

"మెడ తీసెయ్యక్కా," అన్నాడు నాన్న.

"తీసేస్తే ఇంకా చవకైపోతుందిరా."

"అయితే అవనీ. పొద్దున్నే లేస్తే నాకు దాని మెడే కనిపిస్తోంది. కొండలూ లేవు, పడవా లేదు, ఏమీ కనిపించట్లేదు."

అత్త నవ్వాపుకోలేకపోయింది. తర్వాత నాన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

అతుకు చుట్టూ జిగురు కరిగించే ద్రావకంలో తడిపిన దూది చుట్టి, పైన ప్లాస్టిక్కు కవరు కట్టి మూడు రోజులు ఉంచింది. నాలుగో రోజు నాన్న ఎదురుగా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పితే, పాలపన్ను ఊడినట్టు మెడ ఊడివచ్చింది. కింద విరిగిన అంచు, పంచదార ముక్కలా గరగరలాడే తెలుపు.

"వేలు పెట్టి చూడు," అంది అత్త. "దీన్ని చేసినవాడు కాల్చాక, విరిగేదాకా ఇది ఎవరి కంటా పడలేదు. అతికించినవాడు చూశాడు, మూసేశాడు. ఇప్పుడు మనం చూస్తున్నాం."

నాన్న చాలాసేపు ఆ అంచు మీద వేలు తిప్పుతూనే ఉన్నాడు. అత్తకు ఎందుకు పిచ్చి పట్టిందో ఆయనకు అప్పుడే అర్థమైందని నాకనిపిస్తుంది. మెడలేని ఆ కూజా ఇప్పుడు డ్రైవింగు స్కూలు కౌంటరు పక్కనుంది. ఫారం నింపడానికి వచ్చిన ప్రతివాడికీ నాన్న దాని కథ చెబుతాడు. కథలో తన వాటా కాస్త పెంచి చెబుతాడు, కానీ "మా అక్క పట్టేసింది" అన్న మాట దగ్గర మాత్రం ఏమీ మార్చడు.

క్షమాపణలు చెప్పుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. దాని బదులు నాన్న, "నీకు కారు నేర్పిస్తా, ఫీజు వద్దు" అన్నాడు. యాభై దాటిన అత్త స్టీరింగు పట్టింది. మొదటి వారం డ్రైవింగు స్కూలు గేటు పోయింది. మూడో నెలలో లైసెన్సు వచ్చింది.

ధరలు పడిపోయిన ఆ నాలుగైదేళ్ళలో అత్త ఇష్టం వచ్చినట్టు కొంది. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు ఇప్పుడు నేరుగా ఆమెకే ఫోను చేస్తారు. అప్పట్లో అమ్మేసిన పదకొండింటిలో నాలుగు మళ్ళీ ఆమె చేతికే వచ్చాయి, అమ్మిన ధరలో ఐదో వంతుకు. నచ్చనివాటిని మళ్ళీ ఎందుకు కొన్నావని అడిగితే, "ఇన్నేళ్ళలో నా కళ్ళు మారవా ఏంటి?" అంది. ఒకసారి కొత్తగా పెళ్ళైన జంట, వాళ్ళ ముత్తవ్వ భోజనాల సెట్టు అమ్ముతామని వచ్చారు. అత్త ఒక్కో పళ్ళెం చూసింది. అన్నీ మంచివేనంది. కొంటానంది కూడా. తర్వాత ఆ అమ్మాయి చేతిలో ఒకటి పెట్టి, "నెల రోజులు ఇందులో తిని, అప్పటికీ వద్దనిపిస్తే తీసుకురండి" అని పంపేసింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

పోయిన నెల నిపుణుడు ఫోను చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన గొంతులో హుషారు ఫోను బయటికి వినిపిస్తోంది.

"మేడం, మార్కెట్టు మళ్ళీ లేస్తోంది. ఈసారి మీవి ఎన్ని ఇస్తారు?"

"పైకి వెళ్ళనివ్వండి చూద్దాం. ఇప్పుడు నాకు టైము లేదండీ, సామాను చూడ్డానికి వెళ్తున్నా, పదింటికల్లా రమ్మన్నారు."

ఫోను పెట్టేసి తన సొంత కారు తాళాలు అందుకుంది. దుప్పట్లు, పాత తువ్వాళ్ళు వెనక సీటులో పడేసింది. ముందు సీటులో నాన్న అప్పటికే బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. కారు సందు మలుపు తిరుగుతుంటే మెడ చాచి చూశాను. అత్త ఒక్క చేత్తో స్టీరింగు తిప్పుతోంది. పక్కన నాన్న, తన వైపు లేని బ్రేకును రెండు కాళ్ళతో తొక్కుతున్నాడు.